చప్పుడు సాక్ష్యమేనా?

యువకుడు: ట్రాన్స్‌ఫార్మర్ చెప్పకుండా పాడవదు గురువుగారూ. చెబుతుంది, మనకే వినపడదు. లోపల కాగితం చుట్టలోనో నూనెలోనో చిన్న గాలిబుడగ చిక్కుకుందనుకోండి. కాగితం, నూనె తట్టుకునే వోల్టేజీ ఒత్తిడిని బుడగలోని గాలి తట్టుకోలేదు. పైగా ఆ ఒత్తిడి చుట్టుపక్కల కంటే బుడగలోనే ఎక్కువ. దాంతో అక్కడ నలకంత నిప్పురవ్వ పుడుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకదు గనుక దాన్ని పార్షియల్ డిశ్చార్జ్ అన్నారు. మనవాళ్ల నోట పీడీ. రవ్వ పుట్టినప్పుడల్లా చుట్టూ ఉన్నది చటుక్కున వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బితే చప్పుడు. ఆ చప్పుడును నూనె మోసుకొచ్చి ట్యాంకు గోడకు అప్పజెబుతుంది. గోడకు సెన్సర్ అంటిస్తే చాలు. షట్‌డౌన్ అక్కర్లేదు, లైన్ క్లియర్ అక్కర్లేదు. ఇంత సులువైన పని మన సబ్‌స్టేషన్లలో ఇంకా ఎందుకు అలవాటు కాలేదన్నదే నా ప్రశ్న.

పెద్దాయన: సులువని నువ్వంటున్నావు. నేను ముప్పై ఏళ్లు విన్నవాణ్ణి. వెదురు కర్ర ఒక కొస ట్యాంకుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని నిలబడేవాళ్లం. ఫ్యాను బేరింగ్ పోయిందని, కోరు బిగింపు వదులైందని, పైపు క్లాంపు ఊడిందని ఆ కర్ర చెప్పేది. ఇన్సులేషన్ సంగతి మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. రాత్రి నిక్షేపంగా హుమ్మని పాడిన ట్రాన్స్‌ఫార్మర్ తెల్లారేసరికి, లోపల గ్యాసు పుడితే పట్టే బుఖోల్జ్ రిలే మీద ట్రిప్పయి చల్లగా కూర్చోవడం చూశాను. వినడం మీద గౌరవం లేక అడగడం లేదు. నమ్మి దెబ్బతిన్నవాణ్ణి గనుక అడుగుతున్నాను. నీకు వినపడేదేమిటి, వినపడనిదేమిటి?

యువకుడు: తప్పు కర్రది కాదండీ, చెవిది. మన కరెంటు 50 హెర్ట్జ్. అర సైకిల్‌కు ఒకసారి కోరు ఇనుము సాగి ముడుచుకుంటుంది కాబట్టి హుం 100 హెర్ట్జ్‌ది. దాని పైన 200, 300 అంటూ మెట్లు. కోరు రొద 50, 60 కిలోహెర్ట్జ్ దాకా పలచబడుతూ పోయి ఆగుతుంది. పీడీ చప్పుడు అంతకంటే పైకి కూడా పరుచుకుని ఉంటుంది. అందుకే ట్యాంకుకు అంటించే సెన్సర్‌ను 150 కిలోహెర్ట్జ్ దగ్గర బాగా స్పందించేలా చేస్తారు. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, అదీ పడుచు చెవి అయితే. మీ కర్ర ఆ పై చప్పుడును కొంతైనా మోసుకొచ్చి ఉంటుంది. అందుకోవడానికి ఇవతల ఎవరూ లేరు.

ఇంకో లాభం చూడండి. స్విచ్‌యార్డులో పీడీని విద్యుత్ పద్ధతిలో కొలవబోతే పైనున్న లైన్ల కరోనా, రేడియో ప్రసారాలు, పక్క బేలో బ్రేకరు, అన్నీ కొలతలోకి జొరబడతాయి. లేబొరేటరీలో అయితే హాలు మొత్తానికి లోహపు తొడుగు వేసుకుని కొలుస్తారు. స్విచ్‌యార్డుకు తొడుగు వేయలేం కదా. చప్పుడుకు ఆ బెడద లేదు.

పెద్దాయన: ఆ బెడద లేదు, వేరేవి ఉన్నాయి. వాన చినుకు ట్యాంకు మీద పడితే నీ 150 కిలోహెర్ట్జ్‌లోనూ టక్కుమంటుంది. గాలికి ఇసుక రేణువులు తగులుతాయి. పొద్దెక్కితే రేకు సాగుతుంది, పొద్దుగుంకితే ముడుచుకుంటుంది, రెండుసార్లూ టిక్కు టిక్కు. ఆయిల్ పంపు ఉంది. ట్యాప్ ఛేంజర్ మెట్టు మారినప్పుడల్లా ట్యాంకంతా దడేలుమంటుంది. ఆకు రాలినా మొరిగే కుక్కను కాపలాకు పెట్టుకుంటే ఇంటివాళ్లు నాలుగు రోజులు లేచి చూస్తారు. అయిదో రోజు దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. దొంగ వచ్చేది ఆ అయిదో రోజే.

యువకుడు: వాన చినుకుకు కరెంటు సైకిల్‌తో పనిలేదు కదండీ. పీడీ వోల్టేజీకి కట్టుబడి ఉంటుంది. వోల్టేజీ శిఖరానికి ఎక్కే వేళల్లోనే రవ్వ పుడుతుంది. ఇరవై మిల్లీసెకన్ల సైకిల్ ఒక్కొక్కటీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే పీడీ చప్పుళ్లు రెండు గుంపులుగా చేరతాయి. ఒకటి పై సగంలో, ఒకటి కింది సగంలో. బయట మొనదేలిన లోహం నుంచి వచ్చే కరోనా అయితే మొదట్లో ఒక సగంలోనే గుంపు కడుతుంది. వాన, ఇసుక, ఎండ టిక్కులు సైకిల్ అంతా చెల్లాచెదురు. వేరు చేయడం కష్టం కాదు.

పెద్దాయన: మరి లోపల గోడకు బిగించిన మాగ్నెటిక్ షంటు వదులైతే? అదీ వంద హెర్ట్జ్ తాళానికే కొట్టుకుంటుంది. నీ రెండు గుంపులూ దానికీ వస్తాయి.

యువకుడు: వస్తాయి. ఒప్పుకుంటాను. అక్కడ చప్పుడు ఒక్కటే చూస్తే మోసపోతాం. రవ్వ పుట్టినప్పుడు రేడియో తరంగం కూడా పుడుతుంది, వందల మెగాహెర్ట్జ్‌లో. డ్రెయిన్ వాల్వు గుండా చిన్న యాంటెన్నా లోపలికి దించితే అది దొరుకుతుంది. వదులైన షంటు కొట్టుకుంటే చప్పుడు వస్తుంది గానీ రేడియో తరంగం సాధారణంగా రాదు. రెండూ కలిసి వస్తే పీడీ అని నమ్మొచ్చు.

పెద్దాయన: చూశావా, చప్పుడుకు సాక్షిగా ఇంకొకరిని పిలవాల్సి వచ్చింది. సరే, ఇదంతా అనవసరంగా మొరిగే కుక్క గొడవ. నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది మొరగని కుక్క. వైండింగ్ లోపలి పొరల్లో, ప్రెస్‌బోర్డు సిలిండర్ల వెనక, కోరు కాళ్ల మధ్య పీడీ పుట్టిందనుకో. ఆ చప్పుడు రాగిని, కాగితాన్ని, అట్టను దాటుకుని గోడ దాకా రావాలి. పై స్థాయి చప్పుడును కాగితం, అట్ట పరుపులో దూదిలా మింగేస్తాయి. నీ సెన్సర్ బాగా వినేది నూనె దారి తిన్నగా ఉన్న చోటే. అంటే కరెంటును ట్యాంకులోకి దించే బుషింగ్ కింది కొస, లీడ్లు, ట్యాప్ ఛేంజర్ దగ్గర, వైండింగ్ పైపొర. ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రాణం ఉన్నది లోపలి పొరల్లో. నీ తెర మీద గీత చదునుగా ఉంటే నువ్వు నాకు ఏం రాసిస్తావు? పీడీ లేదని రాస్తావా?

యువకుడు: నాకు వినపడలేదని రాస్తాను.

పెద్దాయన: పై అధికారి చదివేది మాత్రం లేదనే. అక్కడుంది చిక్కు. వినపడలేదు అన్న మాట రెండు మెట్లు ఎక్కేసరికి బాగుంది అయిపోతుంది. ఇంకో సంగతి. సెన్సర్‌కూ గోడకూ మధ్య గ్రీజు పూస్తారు కదా, ఎండకు అది ఎండిపోతుంది. గ్రీజు ఎండిన సెన్సర్ కూడా ఏమీ లేదనే చూపిస్తుంది. లోపల ప్రశాంతంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, బయట చెవుడొచ్చిన సెన్సర్, రెండింటి గీతలూ ఒకేలా ఉంటాయి.

యువకుడు: దానికి చవకైన మందు ఉంది. సెన్సర్ పక్కన గోడ మీద పెన్సిల్ ములుకు విరుస్తారు. క్లచ్ పెన్సిల్‌లో వేసే అర మిల్లీమీటరు సన్నటి ములుకు. విరిగినప్పుడు వచ్చే చప్పుడు ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ప్రపంచమంతా దాన్నే పరీక్షగా వాడతారు. ములుకు విరుపు వినపడితే సెన్సర్‌కు చెవి ఉన్నట్టే. వచ్చినప్పుడల్లా ఒక ములుకు విరవమనండి.

పెద్దాయన: బాగుంది. లక్షల పరికరానికి పరీక్ష రూపాయి ములుకు. అయినా అది తేల్చేది చెవి సంగతి. నోరు సంగతి అది తేల్చదు.

యువకుడు: అయితే నేనూ ఒకటి అడగొచ్చా? మీరు నమ్మేది నూనె సీసాను. ఏడాదికోసారో రెండుసార్లో కింది వాల్వు దగ్గర శాంపిలు తీసి లేబొరేటరీకి పంపుతారు. నూనెలో కరిగిన గ్యాసులు లెక్కిస్తారు. హైడ్రోజన్ పెరిగితే పీడీ, అసిటిలీన్ కనిపిస్తే ఆర్కింగ్, ఇథిలీన్ పెరిగితే వేడి. కెనడాలో హైడ్రో-క్విబెక్ శాస్త్రవేత్త మిషెల్ డువాల్ గీసిన త్రిభుజంలో మీథేన్, ఇథిలీన్, అసిటిలీన్ పాళ్లు పెట్టి జబ్బు పేరు చదువుతారు. నాకూ ఆ త్రిభుజమంటే ఇష్టమే. కాకపోతే అరబొట్టు అరబొట్టుగా పుట్టే గ్యాసు వేల లీటర్ల నూనెలో కలిసి లెక్కకు అందేంత పోగయ్యేసరికి వారాలు, నెలలు. ఈ శాంపిలుకూ వచ్చే శాంపిలుకూ మధ్య ఆరు నెలలు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్నది మీ సీసాకే అతుకుతుంది.

పెద్దాయన: అతికింది, కాదనను.

యువకుడు: ఇంకా ఉంది. గ్యాసు ఉందని చెబుతుంది గానీ ఎక్కడిదో చెప్పదు. నూనె తిరుగుతూ ఉంటుంది, ట్యాంకంతా ఒకటే చారు. చప్పుడైతే చోటు చెబుతుంది. నూనెలో శబ్దవేగం సుమారు సెకనుకు 1,400 మీటర్లు. గోడ మీద నాలుగు చోట్ల సెన్సర్లు పెట్టి, చప్పుడు ఎవరి దగ్గరకు ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిస్తే పుట్టిన చోటు తేలుతుంది. పది మైక్రోసెకన్ల తేడా అంటే నూనెలో 1.4 సెంటీమీటర్లు. పిడుగు మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కబెట్టి ఎంత దూరంలో పడిందో చెప్పేవాళ్లు కదా మన ఊళ్లో, అదే లెక్క. ఇందాకటి రేడియో తరంగం మెరుపు, చప్పుడు ఉరుము. ఎక్కడ విప్పాలో తెలియకుండా ట్యాంకు విప్పడానికీ, ఫలానా ఫేజు ఫలానా లీడు అని తెలిసి చేతిరంధ్రం మూత ఒక్కటే తెరవడానికీ తేడా మీకు నేను చెప్పాలా?

పెద్దాయన: చెప్పక్కర్లేదు. ఒంటినిండా నూనెతో ట్యాంకులోకి దిగి, టార్చి పట్టుకుని, ఎక్కడ నల్లబడిందో వెతుకుతూ వీపు పట్టేసిన మనిషిని. చోటు చెప్పే పరికరానికి దండం పెడతాను. అయితే నీ లెక్కలో ఒక దొంగదారి ఉంది. చప్పుడు నూనెలో తిన్నగా రావడంతోబాటు, దగ్గర్లోని గోడను తాకి ఉక్కు వెంట కూడా పరుగెత్తుకొస్తుంది. ఉక్కులో వేగం నూనెలో కంటే రెట్టింపు పైన. చుట్టుదారిలో వచ్చినవాడు ముందు చేరతాడు. నీ పరికరం వాణ్ణే మొదటివాడనుకుంటే చోటు మీటర్ల మేర తప్పుతుంది. నూనె వేడెక్కినకొద్దీ వేగం తగ్గుతుంది కూడా. 80 డిగ్రీల దగ్గర 1,200 చిల్లరకు దిగుతుంది. ఆ లెక్కా వేసుకోవాలి.

యువకుడు: వేసుకుంటాం. సెన్సర్లు జరుపుతూ జరుపుతూ, చప్పుడు ఎక్కడ ముందుగా, ఎక్కడ గట్టిగా ఉందో చూసుకుంటూ దగ్గరకు చేరతాం. ఒక్క కొలతతో అయ్యే పని కాదు. గాలింపు లాంటిది.

పెద్దాయన: సరే, నా అసలు పట్టు ఇప్పుడు చెబుతాను. నీ చప్పుడుకు అంకె లేదు. ఫ్యాక్టరీలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించేటప్పుడు మామూలు కంటే ఎక్కువ వోల్టేజీ గంటసేపు పెట్టి పీడీ కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 250 పికోకూలుంబులు దాటకూడదు. 250 పికోకూలుంబులంటే 156 కోట్ల ఎలక్ట్రాన్లు. మనకు అదో సముద్రం, ట్రాన్స్‌ఫార్మర్‌కు అదో చిటికెడు. దాటితే ఫెయిలు, దాటకపోతే పాసు. కొనేవాడు, అమ్మేవాడు, బీమావాడు, ముగ్గురూ ఒకే అంకె మీద సంతకం పెడతారు. నీ సెన్సర్ తెర మీద ఇన్ని మిల్లీవోల్టులు అని చూపిస్తుంది. ఆ మిల్లీవోల్టులు ఎన్ని పికోకూలుంబులు? చెప్పలేవు. గోడ పక్కన పుట్టిన బుల్లి రవ్వ గట్టిగా వినపడుతుంది. వైండింగ్ లోతులో పుట్టిన పెద్ద రవ్వ గుసగుసలాడుతుంది. గట్టిగా వినపడింది పెద్ద జబ్బని, మెల్లగా వినపడింది చిన్న జబ్బని అనడానికి వీల్లేదు. మరి ఏ గీటు దాటితే ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలి?

యువకుడు: గీటు లేదు. అయినా వైద్యుడు స్టెతస్కోపుతో విన్నదానికి మాత్రం అంకె ఉందా? గుండెలో మర్మర్ ఉంది, ఫలానా చోట ఉంది, పోయిన నెల కంటే పెరిగింది అంటాడు. ఆ పెరిగింది అన్నదే నాకు కావలసింది. అదే ట్రాన్స్‌ఫార్మర్, అదే చోట సెన్సర్, అదే గ్రీజు. వారం వారం గీత పైకి పోతోందంటే లోపల కాగితం కాలి నల్లదారి పడుతోందన్నమాట. పికోకూలుంబుల్లో తెలియకపోతేనేం, ఎటు పోతోందో తెలుస్తోంది.

పెద్దాయన: వైద్యుడు విని ఊరుకోడు. ఎకో రాసిస్తాడు.

యువకుడు: మర్మర్ వినపడబట్టే రాసిస్తాడు. అందరికీ రాయడు.

పెద్దాయన: ఊఁ.

యువకుడు: అసలు మనం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోయాం. చప్పుడు పనికొచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. 11, 33 కేవీ ఇండోర్ ప్యానెళ్లు చూడండి. వానాకాలం తేమకు ఇన్సులేటర్ పైపొర మీద సన్నటి డిశ్చార్జ్ పాకుతూ ఉంటుంది. తలుపు సందు దగ్గర 40 కిలోహెర్ట్జ్ చేతి పరికరం పెడితే ఇయర్‌ఫోన్‌లో పోపు చిటపటలాడినట్టు వినపడుతుంది. గాలిలో ఆ చప్పుడు మీటరుకు ఒక డెసిబెల్ పైనే తగ్గిపోతుంది, కాబట్టి ఏ ప్యానెల్ దగ్గర గట్టిగా ఉందో ఆ ప్యానెలే. లోపల తెల్లటి పొడి, ఓజోన్ వాసన చూశాకే నమ్మేవాళ్లు ఈ పరికరంతో ముందే తెలుసుకుంటారు. ఇక బయట స్విచ్‌యార్డులో అయితే వంద చిల్లర మైకులున్న సౌండ్ కెమెరాలే వచ్చాయి. తెర మీద చప్పుడు పుట్టిన చోట రంగు మచ్చ పడుతుంది. విశాఖ తీరంలో ఉప్పుగాలి, పల్నాడు సిమెంటు దుమ్ము, రామగుండం బూడిద, ఇవన్నీ పింగాణీ మీద పేరుకుని మార్గశిర మాసపు మంచులో తడిశాక తెల్లవారుజామున యార్డంతా బుసలు కొడుతుంది. ఏ డిస్కు బుస కొడుతోందో కింద నిలబడి వేలెత్తి చూపొచ్చు.

పెద్దాయన: ఇండోర్ ప్యానెళ్ల విషయంలో నీతో నాకు పేచీ లేదు. పైపొర మీది డిశ్చార్జ్‌కు చప్పుడును మించిన పరీక్ష నేను చూడలేదు. అక్కడ కూడా ఎపాక్సీ పోత లోపల బుడగలో పుట్టినదైతే గాలిలోకి చప్పుడే రాదు. దానికి ప్యానెల్ రేకు మీద పాకే నానోసెకన్ల వోల్టేజీ తుళ్లింతను పట్టే టీఈవీ మీటరు ఉంది, 1970లలో బ్రిటన్‌లో పుట్టినది. రెండూ వెంట ఉండాలి. యార్డు బుసల మాటకొస్తే, మంచు రోజు బుస కొట్టని డిస్కు ఏది? అన్నింటి మీదా రంగు మచ్చలే. ఏది కడగాలి, ఏది మార్చాలి అన్నది మళ్లీ మన బుర్ర చెప్పాల్సిందే.

యువకుడు: మరి గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్? ఎస్ఎఫ్6 గ్యాసు నింపిన గొట్టంలో జొన్నగింజంత అల్యూమినియం తునక మిగిలిపోయిందనుకోండి. వోల్టేజీకి అది లేచి పడుతూ గంతులు వేస్తుంది. పడ్డప్పుడల్లా గొట్టం గోడ మీద టిక్. రెండు టిక్కుల మధ్య ఎడాన్ని బట్టి ఎంత ఎత్తు ఎగురుతోందో లెక్కకట్టొచ్చు. నట్టనడిమి కండక్టర్ దాకా ఎగిరితే ఫ్లాష్. ఇంత ముచ్చటగా లోపం కథ చెప్పే పరీక్ష ఇంకేదైనా ఉందా?

పెద్దాయన: తునక విషయంలో లేదు. ఒప్పుకున్నాను. అదే గొట్టంలో స్పేసర్ ఎపాక్సీ లోపల బుడగ ఉంటే నీ చెవికి దాదాపు ఏమీ అందదు, రేడియో తరంగమే దిక్కు. ఇంకొకటి ఆలోచించు. తప్పుగా విని ఆ గొట్టం విప్పావంటే గ్యాసంతా తోడి దాచాలి. బొగ్గుపులుసు వాయువు కంటే 23,500 రెట్లు వేడిని పట్టే గ్యాసది, గాలిలోకి వదలడానికి లేదు. విప్పి, దుమ్ము పడకుండా శుభ్రం చేసి, మళ్లీ బిగించి, గ్యాసు నింపాలి. మనం విప్పిన సందులోంచే కొత్త తునక లోపలికి పోవచ్చు. లేని జబ్బుకు చేసిన ఆపరేషన్ కూడా జబ్బు తెస్తుంది.

యువకుడు: సరేనండీ, అంకె ఉంటే అందరూ దాని మీద సంతకం పెడతారని మీరన్నారు కదా. 2025 మార్చి 20 రాత్రి లండన్ పడమటి అంచున నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో 275 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. సుమారు 67 వేల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. మర్నాడు హీత్రో విమానాశ్రయం మూతపడి 1,300కు పైగా విమానాల రాకపోకలు దెబ్బతిన్నాయి. విచారణ నివేదిక జూలైలో వచ్చింది. బుషింగ్ పగిలింది, లోపలికి తేమ చేరడమే చాలావరకు కారణం అంది. తేమ సంగతి ఎప్పుడు తెలిసింది? 2018 జూలైలో. ఎలా తెలిసింది? బుషింగ్ నుంచి తీసిన నూనె శాంపిలులో. మీ సీసాయే! అంకె ఉంది. అంతటి అంకె వస్తే లోపం ముంచుకొచ్చినట్టే, బుషింగ్ మార్చాలి అని ఆ సంస్థ సొంత మార్గదర్శకాల్లోనే ఉంది. దాదాపు ఏడేళ్లు ఎవరూ మార్చలేదు.

పెద్దాయన: చదివాను. రెండు రోజులు మనసు బాగోలేదు. మనకు లండన్ ఎంత దూరమో బీరువాలో మడిచిపెట్టిన రిపోర్టు అంత దగ్గర.

యువకుడు: అందుకే అంటున్నాను. సీసా ఒకసారి చెప్పి ఊరుకుంది. కాగితం ఫైలులోకి పోయింది, ఫైలు బీరువాలోకి పోయింది. రోజూ చెబుతూ ఉండే పరికరం ఉండుంటే, రోజురోజుకూ పెరిగే గీత కంట్రోల్ రూములో ఆపరేటర్ కళ్ల ముందు ఉండుంటే, ఏడేళ్లు అలా ఊరుకోవడం అంత తేలికయ్యేదా?

పెద్దాయన: తేలికయ్యేది. ఇంకా తేలికయ్యేది. అంకె ఉన్న, గీటు దాటిన, ఏం చేయాలో రాసిపెట్టి ఉన్న హెచ్చరికనే పక్కన పెట్టారు. అంకె లేని, గీటు లేని, వానకూ ఎండకూ మొరిగే నీ హెచ్చరికను పక్కన పెట్టడానికి ఎంతసేపు? కంట్రోల్ రూములో అలారం దీపాలు ఎన్ని ఎర్రగా వెలుగుతూ ఉంటాయో చూడలేదూ? బజర్ మోతకు విసుగెత్తి అట్టముక్క కుక్కిన చోట్లు నాకు తెలుసు. ఎక్కడో అడగకు. కొదవ చెవులకు కాదు నాయనా. విన్నాక లేచేవాడికి.

యువకుడు: లేచేవాడు రాడని వినడం మానేద్దామా?

పెద్దాయన: మానమనలేదు. ఒక లెక్క ఇస్తాను, చేసి చూపించు. 132/33 కేవీ సబ్‌స్టేషన్ అనుకో. 50 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఒక్కటే. ఏప్రిల్ నెల. నీ సెన్సర్ బీ ఫేజు బుషింగ్ కింద, అది కూర్చున్న టరెట్ దగ్గర, రాత్రి రెండు నుంచి నాలుగింటి దాకా చప్పుడు పట్టింది. రెండు గుంపులుగా, సైకిల్‌కు కట్టుబడి. పగలు లేదు. నాలుగు రాత్రులు అదే తంతు. నేను నూనె శాంపిలు పంపాను. హైడ్రోజన్ మామూలే, అసిటిలీన్ లేదు. ఇప్పుడు ఆపుతావా?

యువకుడు: రాత్రి మాత్రమే ఎందుకొస్తోందో తెలుస్తూనే ఉంది. పంపుసెట్ల లోడు దిగిపోయాక వోల్టేజీ పైకెక్కుతుంది. పీడీ మొదలయ్యే గీటుకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు అటూ ఇటూ ఊగుతోందన్నమాట. ఇది నిజం చప్పుడే. ఎండ టిక్కయితే సాయంత్రం రావాలి.

పెద్దాయన: కోరు బిగింపు వదులైనా వోల్టేజీ పెరిగితే గట్టిగానే కొట్టుకుంటుంది.

యువకుడు: నిజమే. రేడియో తరంగం చూడాలి. చూసేలోగా ఒక మాట. శాంపిలు ఏ వాల్వు దగ్గర తీశారు?

పెద్దాయన: ఎప్పుడూ తీసే చోటే. కింద.

యువకుడు: బుషింగ్ నూనె మూతపెట్టిన సీసాలో నూనె లాంటిది గురువుగారూ, ట్యాంకు నూనెతో కలవదు. బుషింగ్ లోపల పీడీ ఉంటే మీ ట్యాంకు శాంపిలు ఏడాది పొడుగునా శుభ్రంగానే ఉంటుంది. నార్త్ హైడ్‌లో తేమ తెలిసింది నేరుగా బుషింగ్ నూనె తీశారు కాబట్టి. మీ సీసా కూడా మొరగని కుక్కే, వేరే గుమ్మం దగ్గర కట్టేసి ఉంది.

పెద్దాయన: దెబ్బ తగిలింది. నా వంతు. బుషింగ్ లోపలి రవ్వ అయితే కాగితం పొరలు దాటి టరెట్ గోడ దాకా నీకు అంత స్పష్టంగా వినపడుతుందా? వినపడిందంటే బుషింగ్ బయటనే, టరెట్ నూనెలో, లీడు దగ్గర అయి ఉండాలి. అక్కడైతే గ్యాసు ట్యాంకులోకి రావాలి. రాలేదు.

యువకుడు: ఇంకా రాలేదు. నాలుగు రాత్రులు, రాత్రికి రెండు గంటలు. అంత కొద్ది గ్యాసు టరెట్ పైభాగంలో ఉండిపోయి కిందికి దిగకపోవచ్చు.

పెద్దాయన: కావచ్చు. ఎటు చూసినా కావచ్చే. తేల్చేది ఒక్కటే, బుషింగ్ ఇన్సులేషన్‌కు టాన్ డెల్టా, కెపాసిటెన్స్ పరీక్షలు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలి. ఏప్రిల్‌లో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోట ఆపాలంటే మండలాలకు మండలాలు చీకటి, పొట్టకొచ్చిన వరి, ఆసుపత్రి జనరేటర్. ఏమని అడుగుతావు? నాకు చప్పుడు వినపడిందని అడుగుతావా?

యువకుడు: అలాగే అడుగుతాను. నాలుగు రాత్రుల గీతలు చూపించి అడుగుతాను. ఈలోగా ట్యాప్ మార్చి రాత్రి వోల్టేజీ తగ్గించుకోలేమా?

పెద్దాయన: ట్యాప్ మారిస్తే దిగేది 33 వైపు. 132 వైపు వోల్టేజీ గ్రిడ్ చేతిలో ఉంది, నీ బుషింగ్ ఉన్నది అటువైపు. ఆదివారం లోడు తక్కువ. నాలుగు గంటలు అడిగి చూద్దాం.

యువకుడు: ఇవాళ మంగళవారం.

పెద్దాయన: తెలుసు. మనిషినెవరినీ ఆ బుషింగ్ దరిదాపులకు పోనివ్వకు. పింగాణీ పేలిందంటే ముక్కలు కంచె దాటి పోతాయి. సెన్సర్ అక్కడే ఉండనివ్వు, కేబుల్ పొడుగు చేసుకుని కంట్రోల్ రూములోంచి విను.

యువకుడు: గ్రీజు?

పెద్దాయన: ఇప్పుడే, వెలుతురుండగానే, చప్పుడు లేని వేళ చూసి మార్చిరా. వచ్చేముందు ఒక ములుకు విరువు. ఇక్కణ్ణుంచి నేను వింటాను.